పెద్దబాతు ఎన్నేండ్లు బ్రతుకును?

గడచిన శీతకాలమున సభ్యుల యూళ్ళు తిరుగుచుండగా, కుందూనది యొడ్డున నొక తోటలో ముసలి పెద్దబాతు నొకదానిని జూచితిని. ఒక కన్ను మసకబాఱినది, నడక మందగించినది. అయినను నన్ను జూడగానే మెడ చాచి బుసకొట్టి, తడికదాక తఱుముకొని వచ్చెను. దీని వయస్సెంతయని తోటకాపు నడిగితిని. “మా పెద్దపాప పుట్టిన యేడు తెచ్చినామయ్యా. ఆ పిల్లకు మొన్న శ్రావణానికి పంతొమ్మిది నిండినాయి” అని యాతడు చెప్పెను. అచ్చటికి ఆఱు కిలోమీటర్ల దూరమున మఱియొక సభ్యుడు కలడు. అతడు కొన్న యెనిమిది పెద్దబాతులలో మూడేండ్లు తిరుగక మునుపే యేడు చచ్చినవి. ఇది యల్పాయుష్షు గల జాతియనియు, దీనిపై పెట్టిన డబ్బు దండుగయనియు అతడు నాతో వాదించెను. ఎండ యొకటే, నీరొకటే, జాతియు నొకటే. ఒకచోట పందొమ్మిదేండ్లు, ఒకచోట మూడేండ్లు. ఈ భేదమెక్కడనుండి వచ్చినదో విచారించి వ్రాయుదునని యా సభ్యునకు మాట యిచ్చితిని. ఆ మాట చెల్లించుకొనుటకే యీ వ్యాసము.

ముందు మాట తేటపఱచుకొందము. మన వైపున బాతన్న నొకే పేరు, గ్రుడ్లకొఱకు మందలుగా పెంచు చిన్నబాతునకును, మెడ పొడవై నాలుగైదు కిలోలు తూగు పెద్దబాతునకును గూడ చెల్లుచున్నది. ఇవి వేఱు వేఱు పక్షులు. చిన్నబాతు మడుగులో నత్తలను, పురుగులను వెదకును. పెద్దబాతు గొఱ్ఱెవలె గడ్డి మేయును. చిన్నబాతు పదేండ్లు బ్రతికిన గొప్ప. పెద్దబాతు జాగ్రత్తగా పెంచినచో పదునైదు మొదలు ఇరువది యేండ్లు బ్రతుకుట వింత కాదు. పెంపుడు పెద్దబాతులలో రెండు వంశములు కలవు. యూరపు ఖండమువి అచ్చటి బూడిదవన్నె అడవిబాతు సంతతి. ముక్కు మొదట బుడిపె గలవి చైనా, మంగోలియా దేశముల యడవిబాతు సంతతి. మన తోటలలో కావలికి పెంచువానిలో బుడిపె ముక్కువి విస్తారము.

ఇక శీతకాలమున మన జలాశయములకు దానంతట వచ్చు అడవి పెద్దబాతు వేఱొకటి. బూడిదవన్నె మేను, తెల్లని తల, తల వెనుక రెండు నల్లని పట్టెలు, బరువు రెండు మూడు కిలోలు. దీనిని పట్టెతల బాతందము. టిబెట్టు పీఠభూమిలోను, మంగోలియాలోను పిల్లలు చేసి, హిమాలయములను దాటి వచ్చును. కావ్యములలో వానకాలమున మానససరోవరమునకు పోయి శరత్తున మఱలివచ్చు హంస యీ పక్షియే యని కొందఱు విద్వాంసుల యభిప్రాయము. ఇది పాలను నీటిని వేఱుచేయుట నే నెన్నడును జూడలేదు గాని, పోయివచ్చుట మాత్రము నిజము. వీపునకు చిన్న యంత్రములు తగిలించి పరీక్షింపగా ఒక పక్షి 7,290 మీటర్ల యెత్తున నెగిరినట్లు తెలిసినది. అంత యెత్తున మనకు ఊపిరి యాడదు. దాని నెత్తురు, ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును మిక్కిలి గట్టిగా పట్టుకొను గుణము గలది. ఇట్టి గట్టి కట్టడి గల దేహము మూడేండ్లకే శిథిలమగుట స్వభావసిద్ధము కాదని పాఠకులు మొదటనే గ్రహింతురు గాక.

పక్షి వయస్సు మనకెట్లు తెలియును? పంటి వరుసను జూచి యెద్దు వయస్సు చెప్పినట్లు బాతు వయస్సు చెప్పుటకు వీలులేదు. అందుచేత లోకమున చాలకాలము కట్టుకథలే నడచినవి. నూఱేండ్ల బాతు, తాతనాటి బాతు అని. డెన్మార్కు దేశమున మార్టెన్సెను అను బడిపంతులు 1899లో గోరువంక జాతి పిట్టల కాళ్ళకు అంకెలు చెక్కిన తేలికపాటి ఉంగరములు తొడిగి విడిచెను. ఆ పద్ధతి దేశదేశములకు వ్యాపించినది. మన దేశమున 1927లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారి చేతిమీదుగా ధార్ సంస్థానమున నారంభమైనది. ఉంగరము తొడిగిన దినమును, ఆ పక్షి మఱల దొరికిన దినమును వ్రాసియుండుటచేత, ఇప్పుడు వయస్సు చెప్పుట లెక్కల పని యైనది.

ఆ లెక్కలు చూడుడు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున 1969లో ఉంగరము తొడిగిన కెనడా బాతొకటి 2001లో ఒంటారియోలో దొరికినది. అప్పటికి దాని వయస్సు 33 సంవత్సరముల 3 నెలలకు తక్కువ కాదు. 1999లో టెక్సాసున దొరికిన మంచుబాతు వయస్సు ఇరువదియేడున్నర సంవత్సరములు. ఇక పెంపుడు బాతులలో ఇంగ్లండు లాంకషైరు ప్రాంతమున జార్జి యను మగబాతు 1927 ఏప్రిలులో పుట్టి, 1976 డిసెంబరు 16న చచ్చినది. నలువదితొమ్మిదేండ్ల యెనిమిది నెలలు! దీనిని గిన్నిసు రికార్డుల పుస్తకమున కెక్కించిరి. ఇందులో నొక విశేషము కలదు. జార్జి యింటిలో ముసలిదై చచ్చినది. తక్కిన రెండును వేటగాండ్ర తుపాకి దెబ్బకు చచ్చినవి. కాల్పకున్నచో నింక నెన్నేండ్లుండెడివో యెవరు చెప్పగలరు?

ఇచ్చట రైతు సోదరులు ఒక చిక్కు విప్పుకొనవలెను. ఒక పక్షి యెంతకాలము బ్రతుకగలదు అనుట యొకటి. నూఱు పక్షులు సగటున నెంతకాలము బ్రతుకుచున్నవి అనుట మఱియొకటి. ఉంగరముల లెక్కలవలన, ఎదిగిన యడవిబాతులలో ఏటేట నూటికి పది మొదలు ఇరువది వఱకు నశించుట సామాన్యమని తేలినది. నూటికి ఇరువది చొప్పున పోవుచుండిన నేమగునో పలకమీద వేసి చూడుడు. మొదటి యేట 100, పిమ్మట 80, ఆ మీద 64, ఆ పైన 51. పది యేండ్లకు 11 మిగులును. ఇరువది యేండ్లకు ఒక్కటి మిగులును. నూటికి పది చొప్పుననే పోయినచో పదేండ్లకు 35, ఇరువది యేండ్లకు 12 మిగులును. చావు సగము తగ్గించినంతమాత్రమున, ఇరువదేండ్లు చూచు పక్షులు ఒకటికి పండ్రెండైనవి. బాతు దేహములో మార్పేమియు లేదు. మారినది ఏటేటి ప్రమాదము. కావున “పెద్దబాతు ఆయుష్షెంత?” అని యడుగుటకంటె “నా దొడ్డిలో ఏటికెన్ని చచ్చుచున్నవి, దేనివలన?” అని యడుగుట మేలు.

దేనివలన నన్నచో, మన కర్నూలు, కడప ప్రాంతములలో నాకు కనబడినంతవఱకు, పెద్దబాతులకు చాటుశత్రువు వేరుసెనగ చెక్క. ఈ మాట విని కొందఱు నవ్వుదురు. చెక్క బలమైన మేతయే కదా? బలమైనదే, తాజాదైనచో. ఏడు బాతులను పోగొట్టుకొన్న మన సభ్యుని కొట్టము తెఱిపించి చూచితిని. మూలన గోనెసంచిలో నిరుటి చెక్క యున్నది. పొడుచుకొని చూడగా నడుమ పసుపుపచ్చని బూజు. “పశువులు ముట్టడం లేదయ్యా, పారబోయడం యెందుకని బాతులకు నానబెట్టినాను” అని యాతడు చెప్పెను. కడపట చచ్చినదానిని పశువుల ఆసుపత్రి డాక్టరుగారు కోసి చూడగా, కాలేయము ఉండవలసిన కెంపువన్నె లేక పాలిపోయి గట్టిపడి యుండెను.

అతనిని నేను నిందింపలేదు. నేనును ఆ తప్పు చేసినవాడనే. ఉద్యోగపు తొలినాళ్ళలో, చెడిన కాయ పొడిని కోళ్ళకు, బాతులకు పెట్టి ముగింపుడని యొక యూరి రైతులకు నోటితో చెప్పి వచ్చితిని. మఱుచటి నెల ఆ యూరికి పోయినప్పుడు ఒక ముసలమ్మ నన్ను చేయిపట్టుకొని దొడ్డిలోనికి తీసికొనిపోయి, ఖాళీగానున్న గంపను చూపినది. ఒక్క మాటయైన ననలేదు. ఆ గంప నేటికిని నా కన్నులయెదుట నున్నది.

ఈ విషపు చరిత్ర చెప్పవలెను. 1960లో ఇంగ్లండున టర్కీకోళ్ళ పిల్లలు లక్షకు పైగా కొలదినెలలలో చచ్చినవి. కారణము తెలియక మొదట దానికి ఎక్స్ వ్యాధి యని పేరు పెట్టిరి. విచారింపగా, అన్నియు బ్రెజిలునుండి వచ్చిన వేరుసెనగ చెక్క తిన్నవే. ఆ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పెరిగి, అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించినది. దీని దెబ్బకు అన్నిటికంటె త్వరగా పడిపోవునవి బాతుపిల్లలు, టర్కీపిల్లలు. కోడి కొంత తట్టుకొనును. ఎద్దు ఇంకను తట్టుకొనును. ఎద్దు తిని బ్రతికినది గనుక బాతు తినవచ్చునను న్యాయము చెల్లదు. ఎక్కువ తిన్న పిల్ల వారములో చచ్చును. కొంచెము కొంచెముగా నెలలతరబడి తిన్న పెద్దపక్షి చావదు. బరువు తగ్గి, గ్రుడ్లు మానివేసి, కాలేయము చెడి, ఏ చిన్న జబ్బు తగిలినను లేవలేక పోవును. చూచువారు “ఏదో తెగులు వచ్చినది” అందురు. పదునైదేండ్ల యాయుష్షు మూడేండ్లకు దిగుట ఇట్లే.

మన నేలలలో ఈ బూజు ప్రబలుటకు తగిన హేతువులన్నియు కలవు. వానకు నాటిన బుడ్డలకు కాయ ఊరు చివరి నెలలో వాన తప్పినచో భూమి కాగి, కాయ నేలలో నుండగనే బూజు లోన చొచ్చును. పెఱికిన తరువాత తుపాను వాన తడిపినచో రెండవమారు. కుప్పలో ఉక్కపోసిన మూడవమారు. ఉడికించినను, వేయించినను ఈ విషము పూర్తిగా పోదు. నీళ్ళలో నానబెట్టి వార్చుట వట్టి శ్రమ. చేయదగిన పని ముందే చేయవలెను. పురుగు తొలచిన కాయను, గుద్దలిదెబ్బ తగిలిన కాయను, కళ్ళము మీదనే వేఱుచేయుడు. విషమెక్కువగా వానిలోనే చేరును. కాయలో తేమ నూటికి ఎనిమిది పాళ్ళకు దిగువకు వచ్చువఱకు ఎండబెట్టుడు. చెవియొద్ద ఆడించిన గింజ గలగలమనవలెను. సంచులను మట్టినేలపై గాక కొయ్యపలకలపై పేర్చుడు. చెక్క కొనునప్పుడు నెలకు సరిపడు మట్టుకు కొని, వాసన చూచి, విఱిచి చూచి తీసికొనుడు. సంఘము పక్షమున పదిమంది కలిసి ఒక్కమారు గానుగనుండి తాజా చెక్క తెప్పించుకొన్నచో, విడిగా కొనుటకంటె ధరయు తగ్గును, పాతసరకు అంటగట్టబడు భయమును తప్పును. బూజు పట్టినదానిని ఎవరికిని పెట్టకుడు. చేనికి ఎఱువుగా పోవనిండు.

అసలు పెద్దబాతునకు చెక్కతో నంత పనిలేదు. దానికి ముఖ్యాహారము పచ్చగడ్డి. కాలువగట్టున, బావిచుట్టు పచ్చిక దొరికినన్నాళ్ళు, సాయంకాలము పిడికెడు జొన్నలు పెట్టిన చాలును. గింజలు దంచు పండ్లు దానికి లేవు గనుక, లోపలి తిత్తిలో నూఱుకొనుటకు ముతక యిసుక అందుబాటులో నుండవలెను. విపరీతముగా మేపి క్రొవ్వు పట్టించుటయు ఆయుష్షును తగ్గించునదే.

పిల్లల సంగతి వేఱు. ఆయుష్షులో నన్నిటికంటె గండమైన కాలము మొదటి యేడు, అందులో మొదటి నెల. అడవిలోను అంతే, దొడ్డిలోను అంతే. మన యిండ్లలో పిల్లలకు వట్టి వరిఅన్నము పెట్టుట యలవాటు. పదిదినములు బాగుగనే యుండి, పిదప కాళ్ళు వంకరలు పోయి చతికిలబడును. ఇది శాపము కాదు, వాతము కాదు. నయాసిన్ అను విటమిను బాతుపిల్లలకు కోడిపిల్లలకంటె హెచ్చుగా కావలెను. పాలిష్ పట్టిన బియ్యములో అది చాలదు. కొంచెము ఈస్టు పొడి మేతలో కలిపి, లేతగడ్డి తఱిగి వేసినచో కాళ్ళు నిలుచును. పూర్తిగా వంగినవెనుక మందువలన ప్రయోజనము స్వల్పము.

ఎండను గుఱించి. మే నెలలో మన యెండలు నలువది డిగ్రీలు దాటుట అందఱు నెఱిగినదే. బాతునకు చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటయు, నీటిలో కాళ్ళు పెట్టుటయు దానికి గల యుపాయములు. ఈదుటకు చెఱువు లేకున్నను బ్రతుకును గాని, తల కన్నులదాక మునుగు లోతున తొట్టినీరు లేనిదే బ్రతుకదు. కన్ను, ముక్కు కడుగుకొనకున్నచో పుసిపట్టి, క్రమముగా చూపు చెడును. కుందూ యొడ్డు తోటలో వేపచెట్టు నీడను సిమెంటుతొట్టి యొకటి పాతిపెట్టి, బోరునీరు రోజుకు రెండుమార్లు మార్చుచున్నారు. పందొమ్మిదేండ్ల రహస్యములో సగము ఆ తొట్టియే. రెండవ సభ్యుని బాతులు వేసవిలో ఎండిపోవుచున్న కుంట బురదలోనికి పోయెడివి. కుంట యింకునప్పుడు చచ్చిన చేపలు కుళ్ళి, ఆ కుళ్ళులో బోటులిజం అను విషము పుట్టును. అది తగిలిన పక్షికి మెడ నిలువదు. త్రాడు తెగినట్లు వ్రాలిపోవును. ఏప్రిలు మే నెలలలో ఎండు కుంటలకు బాతులను పోనీయకుడు.

మన నాపరాళ్ళ నేలలలో కాలి జబ్బొకటి కలదు. బరువైన పక్షి రాతిపై తిరిగి తిరిగి అరికాలున ఆనెకట్టి, అది పగిలి, చీముపట్టి కుంటును. కుంటినది మేతకు వెనుకబడును. రాత్రి పండుకొను చోట వరిగడ్డి గాని, సెనగపొట్టు గాని పఱచి వారమునకొకమారు మార్చినచో ఇది రాదు. కుక్కలు, అడవిపిల్లులు, నక్కలు చేయు నష్టము చెప్పనక్కఱలేదు. పెద్దబాతు దొంగను చూచి యరచును, పామును చూచి యరచును; కాని మూడు కుక్కలు కలిసివచ్చినచో అరచుటకంటె నేమియు చేయలేదు. కావలికి పెట్టినదానికే రాత్రి తలుపు వేయవలెను.

పెట్టబాతు రెండవ యేట గ్రుడ్లకు వచ్చును. మొదటి సంవత్సరముకంటె రెండవ మూడవ సంవత్సరములలో గ్రుడ్లు హెచ్చు. బాగుగ చూచుకొన్న పెట్ట పదవ యేటివఱకు పెట్టుటయు కలదు. కోడివలె ఏడాదిన్నరకు తీసివేయవలసినది కాదు. మూడేండ్లకు చచ్చిన పెట్ట, దానికి పెట్టిన మేత ఖర్చు తీర్చకమునుపే చచ్చినదన్నమాట. జంట కట్టినవి విడువవు గనుక, జంటలో నొకటి పోయినచో మిగిలినది ఆ ఋతువంతయు వృథా చేయుటయు కలదు. ఒక చావునకు రెండు నష్టములు.

ఇప్పుడు అడవిబాతులను గుఱించి చెప్పవలసిన మాట, కొందఱు సభ్యులకు రుచింపకపోవచ్చును. రోళ్ళపాడు ప్రక్క అలగనూరు జలాశయమునకును, ఇతర నీటిపట్టులకును పట్టెతల బాతులు శీతకాలమున వచ్చును. పొరుగున కర్ణాటకములో గదగ జిల్లా మాగడి చెఱువునకు వేలకొలది దిగును. మంగోలియాలో మెడపట్టీలు తగిలించిన పక్షులు కొన్ని కర్ణాటకమున కనబడినవి. పగలు నీటిపై నిదురించి, ప్రొద్దుగ్రుంకిన పిదప చేలలో దిగుట వీని స్వభావము. నల్లరేగడిలో అప్పుడే మొలకెత్తిన సెనగ వీనికి పరమాన్నము. కోసిన బుడ్డల చేలలో రాలిన కాయ యేరుకొన్నచో మనకు నష్టము లేదు. మొలక సెనగ మేసినచో నష్టమే. రాత్రి చేను పోయిన రైతుతో హంస పవిత్రమని చెప్పి లాభము లేదని నేనెఱుగుదును.

కాని కొందఱు అవలంబించు ఉపాయము మన మెడకే చుట్టుకొనునది. గింజలలో గుళికలమందు కలిపి గట్టుమీద చల్లుదురు. ఫోరేటు గుళికలు 2020 సంవత్సరాంతమునుండి దేశమంతట నిషేధింపబడినవి. అడవి పక్షిని చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. చట్టమటుంచుడు. ఆ గింజను ముందు తినునవి మన కోళ్ళు, మన బాతులు; చచ్చిన పిట్టను తినునవి మన కుక్కలు, చేలో ఎలుకలను పట్టు గుడ్లగూబలు. మఱియు పైన వేసిన లెక్కను జ్ఞాపకము చేసికొనుడు. ఈ పక్షి రెండు మూడేండ్లకు గాని పిల్లలు చేయదు; ఏటికి నాలుగైదు గ్రుడ్లు, వానిలో పెద్దవగునవి కొలదియే. మంద నిలుచుట పిల్లల సంఖ్యమీద కాక, ఎదిగిన పక్షులు ఏడేడు తప్పక బ్రతికి వచ్చుటమీద నాధారపడి యున్నది. ఎదిగిన పక్షుల చావు నూటికి పదినుండి ఇరువదికి పెరిగినచో నేమగునో ఇదివఱకే చూచితిమి. బట్టమేక పిట్టకొఱకు 1988లో రోళ్ళపాడును అభయారణ్యముగా ప్రకటించిరి. నిదానముగా పిల్లలు చేయు ఆ పక్షి యొక్కొక్కటిగా తఱుగుట మనవారి కన్నులయెదుటనే జరిగినది.

మొలక నేలపై నుండు మొదటి మూడు వారములే చేనికి గండము. ఆ కొలదిదినములు ఇరుగుపొరుగువారు వంతులు వేసికొని రాత్రి దివిటీతో, డబ్బాల చప్పుడుతో కావలి కాసినచో పక్షులు వేఱొక చోటికి పోవును. మెఱయు ప్లాస్టిక్ రిబ్బను గట్టులవెంట బిగించికట్టిన కొన్ని రాత్రులు పనిచేయును. పిదప అలవాటుపడును గనుక చోటు మార్చుచుండవలెను. ఎవరికి వారు తరుమినచో ఒకరి చేనినుండి మఱొకరి చేనికి తోలుటయే యగును. ఇది సంఘముగా చేయవలసిన పని.

అడవిబాతును దూరముగ నుంచుటకు మఱియొక కారణము జబ్బు. 2005లో చైనాలోని చింఘై సరస్సున బర్డ్ ఫ్లూ అను పక్షిజ్వరముచేత ఆఱువేలకు పైగా అడవిపక్షులు చచ్చినవి. అందు విస్తారము పట్టెతల బాతులే. ఇరువదేండ్లు బ్రతుకవలసిన పక్షులు కొలదివారములలో పోయినవి. మన రాష్ట్రమున 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారములలో ఆ జ్వరమే కనబడినది. ఒకచోట నిర్ధారణ యైనచో చుట్టు ఒక కిలోమీటరు మేర పెంపుడు పక్షులనన్నిటిని నిర్మూలింతురు. రోగము లేనివైనను విడువరు. కాబట్టి కార్తీకము మొదలు ఫాల్గునము వఱకు మీ బాతులను అడవిబాతులు దిగు జలాశయములకు తోలకుడు. ఆ నీరు తెచ్చి తొట్టిలో పోయకుడు. చచ్చిన పక్షి కనబడినచో చేతితో ముట్టక, పిల్లలను ముట్టనీయక, పశువుల ఆసుపత్రికి కబురు పంపుడు.

సంతలో పెద్దబాతులను కొనబోవువారికి ఒకటి రెండు గుర్తులు. ఏడాదిలోపు పిల్లదానికి తోక యీకల చివర చిన్న గంటు కనబడును. బుడిపె చిన్నదిగా, కాళ్ళ చర్మము నునుపుగా నుండును. రెండేండ్లు దాటిన పిదప మూడేండ్లదియా, పండ్రెండేండ్లదియా యని చెప్పుటకు అమ్మువాని నోటిమాటయే యాధారము; ఆ నోట ఏ బాతును మూడేండ్లు దాటదు. అందుచేత మన సభ్యులు తమ యింట పుట్టిన ప్రతి పిల్లకును మూడవ నెలలో, కాలు పూర్తిగా లావెక్కిన పిదప, సంవత్సరపు అంకె గల ప్లాస్టిక్ ఉంగరము తొడుగుడు. ముందే తొడిగినచో కాలు పెరిగి ఉంగరము మాంసములో దిగును. సంఘపు కచేరిలో నొక పుస్తకము పెట్టి, ఉంగరపు అంకె, పుట్టిన నెల, చచ్చిన నెల, చచ్చిన కారణము అను నాలుగు గడులు గీయించితిని. అందులో మొదటి పేరు కుందూ యొడ్డు ముసలిబాతుది. పుట్టిన నెల గడిలో, పెద్దపాప పుట్టిన సంవత్సరము వ్రాసి, దానికి ముందు “సుమారు” అని చేర్చితిమి. ఏడు బాతులు పోగొట్టుకొన్న సభ్యుడు మిగిలిన యొక్కదానికి జతగా నాలుగు పిల్లలను కొని, రెండవ పేజీలో వ్రాయించెను. పాత చెక్క సంచిని ఎఱువుల గుంటలో వేసినట్లు నాతో చెప్పినాడు. వచ్చే పర్యాయము ఆ యూరికి పోయినప్పుడు గుంట చూచి వత్తును.